తెర తీయకముందే చూసుకోవచ్చా? పెళ్లిరోజు విషయం ముందే తేల్చుకోవడం ఎలా

నిశ్చితార్థం అయినప్పటినుంచి రోజూ వీడియో కాల్‌లో మాట్లాడుకుంటున్న ఇద్దరిని, పెళ్లినాడు పొద్దున మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకోవద్దని ఇంట్లో పెద్దావిడ ఎవరో అంటారు. అదే పొద్దున ఏడున్నరకల్లా ఇద్దరూ తయారై తోటలోకి రావాలని ఫోటోగ్రాఫర్ అంటాడు. ఇద్దరి మాటకీ కారణం ఉంది. ఎవరి మాట వినాలన్నది మూడు విషయాలను బట్టి ఉంటుంది: ముహూర్తం ఏ వేళకి, రిసెప్షన్ దానికి ముందా వెనకా, మీ రెండిళ్లలో పట్టింపు సరిగ్గా ఎక్కడ మొదలవుతుంది. ఈ మూడూ తెలియకుండా పెళ్లి ముందురోజు రాత్రి వాదించుకుంటే మనసులు నొచ్చుకోవడం తప్ప ఏమీ తేలదు. శుభలేఖలు అచ్చుకి ఇచ్చేలోపు, అంటే ఫోటోగ్రాఫర్‌కి, మేకప్ ఆవిడకి అడ్వాన్సు ఇచ్చేలోపు తేల్చేయండి.

హైదరాబాదీ ముస్లిం పెళ్లిళ్లలో నిఖా తర్వాత జల్వాలో అద్దంలో చూసుకునే ఆచారం ఉంది. చర్చి పెళ్లిళ్ల పద్ధతి వేరు. ఇక్కడ చెప్పేది అడ్డుతెర పట్టే పెళ్లిళ్ల సంగతి.

తెర దేనికోసం

సుముహూర్తం వేళకి వరుడు తూర్పుముఖంగా, వధువు అతనికి ఎదురుగా కూర్చుంటారు. మధ్యలో తెర. పంతులుగారు సైగ చేయగానే ఒకరి నడినెత్తిన ఒకరు జీలకర్ర బెల్లం పెడతారు, తెర దిగుతుంది, ఒకరినొకరు చూసుకుంటారు. ఈ చూసుకోవడానికి సమీక్షణం అని పేరు, దానికి మంత్రం కూడా ఉంది. ఋగ్వేదం 10వ మండలం 85వ సూక్తంలోని 44వ మంత్రం ‘అఘోరచక్షుః’ అని మొదలవుతుంది. నీ చూపు చల్లగా ఉండాలి, భర్తకీ ఇంటిల్లిపాదికీ మేలు చేసేదిగా ఉండాలి అని దాని భావం. ఇంతకుముందు చూసి ఉండకూడదన్న షరతు అందులో లేదు. ఆ క్షణాన చూపు ఎలా ఉండాలన్నదే అందులోని మాట. అసలు పెళ్లిచూపులు అనే తంతే ఉన్నప్పుడు ‘మొదటిచూపు’ అన్నది అక్షరాలా ఎలాగూ కుదరదు.

భద్రాచలంలో చైత్రశుద్ధ నవమినాటి కల్యాణానికి ముందురోజు సాయంత్రం ఎదుర్కోలు ఉత్సవం జరుగుతుంది. సీతమ్మవారినీ రామయ్యనీ ఎదురెదురుగా నిలిపి, అర్చకులు రెండు పక్షాలుగా చీలి మా వంశం గొప్పదంటే మా వంశం గొప్పదని వాదించుకుంటారు. తెలంగాణ పెళ్లిళ్లలో చాలాచోట్ల ఎదుర్కోళ్లప్పుడు పెళ్లికొడుకు, పెళ్లికూతురు ఇద్దరూ అక్కడే ఉంటారు. ఇంత తెలిశాక, ‘శాస్త్రం ఒప్పుకోదు’ అన్నప్పుడు చాలావరకు అది ఇంటి ఆచారమేనని అర్థమవుతుంది. అలాగని కొట్టిపారేయకండి. శాస్త్రంలో ఉన్న సంగతిని పంతులుగారు చూసుకుంటారు, ఇంటి ఆచారం తప్పితే మాత్రం మీ అమ్మగారో అత్తగారో పదేళ్లయినా తలుచుకుంటూనే ఉంటారు.

అడగాల్సిన ప్రశ్న

‘చూసుకోవచ్చా?’ అని అడిగితే ‘వద్దు’ అనే జవాబు వస్తుంది, ఎందుకంటే వద్దనడమే తేలిక. గీత ఎక్కడుందో అడగండి. ఒక్కో ఇంట్లో ఒక్కోచోట ఉంటుంది:

– పెళ్లికూతుర్ని, పెళ్లికొడుకుని చేశాక చూసుకోకూడదు (తెలంగాణలో కొందరు మైలపోలు తీశాక అంటారు)
– చేతికి కంకణం కట్టాక చూసుకోకూడదు
– నుదుట బాసికం కట్టాక, ముహూర్తం చీర కట్టాక చూసుకోకూడదు
– గౌరీపూజ దగ్గర కూర్చున్నాక చూసుకోకూడదు

మొదటి గీత ఉన్న ఇంట్లో పెళ్లినాటి పొద్దున ఫోటోలు కుదరనట్టే, ఎందుకంటే పెళ్లికూతుర్ని చేయడం అంతకు ఒకటి రెండు రోజుల ముందే అయిపోతుంది. మిగతా మూడింటిలో ఏదైనా పర్వాలేదు, కంకణానికీ బాసికానికీ ముందు సమయం దొరుకుతుంది. రెండిళ్లలోనూ విడివిడిగా అడగండి, ఏ గీత ముందుంటే దాన్నే పాటించండి. పెళ్లి చేయించే పంతులుగారిని మాత్రం వేరే ప్రశ్న అడగాలి: కంకణధారణ ఎన్నింటికి, గౌరీపూజ ఎన్నింటికి, మధుపర్కాలు ముహూర్తానికి ముందు కట్టిస్తారా తర్వాతా? ఈ మూడు వేళలూ కాగితం మీద ఉంటే మిగతాది లెక్కే.

పొద్దుటి ముహూర్తమైతే లెక్క వెనక్కి వేయండి

ముహూర్తం ఉదయం 10.42 అనుకుందాం. లగ్నం రమారమి రెండు గంటలుంటుంది, అందులో తొమ్మిదో వంతు నవాంశ, అంటే 13 నిమిషాల చిల్లర. పంచాంగం చూసి పెట్టిన నిమిషం సాధారణంగా ఇలాంటి చిన్న కిటికీలోనే ఉంటుంది కాబట్టి, ‘ఒక్క పది నిమిషాలు ఆగండి’ అనడానికి వీలుండదు. అందుకే లెక్క ఎప్పుడూ ముహూర్తం నుంచి వెనక్కే వేయాలి.

కన్యాదానం, మహాసంకల్పం ముహూర్తానికి ముందే చేయించే పద్ధతైతే పెళ్లికూతురు పది గంటలకల్లా తెర వెనక ఉండాలి. గౌరీపూజకి 9.15 నుంచి 9.50. దానికి ముందు ముహూర్తం చీర కట్టడం, నగలు సర్దడం 40 నిమిషాలు. అంటే ఇద్దరి ఫోటోలు 8.30కి ఆగిపోవాలి. మొదలు 7.40. మేకప్, జడ, మొదటి చీర కలిపి రెండున్నర గంటలు, పూలజడ అల్లి కుట్టడానికి మరో అరగంట వేసుకుంటే ఆమె కుర్చీలో కూర్చోవాల్సింది 4.40కి. పెళ్లికొడుక్కి 8.40కి స్నాతకం మొదలైతే, కాశీయాత్ర అయ్యేసరికి 9.45 అవుతుంది. ఈ లెక్కలో ఎక్కడా పావుగంట కూడా మిగలలేదు చూడండి. ఫోటోల కోసం మనం ఇస్తున్నది 50 నిమిషాలు, దానికి పెళ్లికూతురు కట్టే వెల గంటకి పైగా నిద్ర.

మగపెళ్లివారు అదే పొద్దున వేరే ఊరినుంచి బస్సులో దిగుతున్నారా? అయితే ముహూర్తానికి ముందు కలిసి ఫోటోలు అన్న ఆలోచనే మానుకోండి. బస్సు టీ కోసం ఒక్కచోట ఆగితే చాలు, ఆ 50 నిమిషాలూ పోతాయి. కంగారంతా గౌరీపూజ మీద పడుతుంది. విడిదిలో ముందురోజు రాత్రే దిగితే అప్పుడు ఆలోచించవచ్చు.

మరి ఇంత కష్టపడి ముందే ఎందుకు తీయడం? ముహూర్తం దాటాక ఇద్దరూ ఫోటోకి పనికొచ్చే స్థితిలో ఉండరు, అందుకు. నెత్తిన జీలకర్ర బెల్లం జుట్టుకి అంటుకుని ఉంటుంది. తలంబ్రాల పసుపు తెల్లని మధుపర్కాల మీద దిగుతుంది, అది ఆరోజుకి పోదు. ఈమధ్య తలంబ్రాల్లో కలుపుతున్న థర్మకోల్ గుళ్లు బెల్లానికి అతుక్కుంటే ఒక్కొక్కటీ ఏరాలి. హోమం పొగకి కళ్లు ఎర్రబడతాయి. ఇక అప్పగింతల సంగతి చెప్పక్కర్లేదు. ఇద్దరూ నిలబడి తీరిగ్గా దిగే ఫోటోలు, రెండు కుటుంబాల గ్రూపు ఫోటోలు మీకు నిజంగా ముఖ్యమైతే, వాటికి పొద్దున్నే మంచి వేళ. ముఖ్యం కాకపోతే ఆ కాసేపూ పడుకోండి. మా ఓటు చాలాసార్లు నిద్రకే.

ఒక జాగ్రత్త. ముహూర్తందాకా ఇద్దరూ ఉపవాసం ఉంటారు. మేనెలలో ఎనిమిదింటి ఎండలో పట్టుచీరతో నిలబడితే కళ్లు తిరుగుతాయి. పాలు, పండ్లు, కొబ్బరినీళ్లు చాలా ఇళ్లలో అభ్యంతరం లేదు. ఆ సంగతి ముందే అడిగి, ఫోటోలు తీసే చోట ఒక మనిషి చేతిలో కొబ్బరినీళ్లు పెట్టండి.

రాత్రి ముహూర్తం, ముందు రిసెప్షన్

ముహూర్తం రాత్రి 2.18కి, రిసెప్షన్ అదే సాయంత్రం ఏడున్నరకి అయితే చర్చే లేదు. ఇద్దరూ మూడు గంటలపాటు ఒకే సోఫా ముందు నిలబడి వచ్చినవాళ్లందరితో ఫోటోలు దిగుతారు. బెంగళూరు, చెన్నైల్లో ముందురోజు సాయంత్రమే రిసెప్షన్ పెట్టే తెలుగు కుటుంబాలదీ ఇదే పరిస్థితి. అప్పుడు పొద్దుటి ఫోటోల మీద పట్టుబట్టి ప్రయోజనం లేదు. రిసెప్షన్‌కి ముందు 5.15 నుంచి 6.15 వరకు వెలుతురులో ఇద్దరి ఫోటోలూ తీయించేసుకోండి.

ఇంటి ఆచారం గట్టిగా ఉండి, చూసుకోకూడదంటే, మార్చాల్సింది రిసెప్షన్ తేదీని. పెళ్లి మర్నాటికి జరపండి. ‘ఫోటోలు ముహూర్తం తర్వాత తెల్లవారాక తీద్దాం’ అన్నది కాగితం మీద బాగుంటుంది. మాఘ ఫాల్గుణాల్లో ఆరున్నర దాటితేగాని వెలుతురు రాదు, అప్పటికి రాత్రంతా మేలుకున్న ఇద్దరూ కూర్చున్నచోటే తూగుతుంటారు.

రిసెప్షన్ ముందున్నప్పుడు ఇంకో చిక్కు ఉంది. రిసెప్షన్ మేకప్ తీసి, విప్పిన జుట్టుని మళ్లీ జడగా వేసి, పెళ్లిచీర కట్టడానికి గంటన్నర పైనే పడుతుంది. పదిన్నరకి స్టేజీ దిగాలని రాసుకుంటే పదకొండున్నరకి దిగుతారు. గౌరీపూజ పన్నెండున్నరకైతే ఇబ్బందే. వరుసలో ఎంతమంది ఉన్నా సరే, ఫలానా వేళకి పెళ్లికూతుర్ని లోపలికి తీసుకెళ్లే బాధ్యత ఒక మేనత్తకో పిన్నికో అప్పజెప్పండి. ఆ పని ఈవెంట్ మేనేజర్ వల్ల కాదు, పిన్ని మాట అయితే ఎవరూ కాదనలేరు.

మధ్యేమార్గాలు

పెద్దవాళ్లు ఎక్కువగా ఒప్పుకునేది ఇది: ముందు చూసుకుంటారు గానీ పెళ్లి వేషంలో కాదు. ముహూర్తం చీర, బాసికం, పూలజడ మూడింటినీ తెర కోసం దాచిపెడతారు. పొద్దుటి ఫోటోలకి వేరే పట్టుచీర, మామూలు జడ, తక్కువ నగలు. పెళ్లికొడుకు పంచె, చొక్కా. తెర దిగినప్పుడు అతనికి కనిపించేది పొద్దున చూసిన మనిషే అయినా ఆ రూపం కొత్తది. ఫోటోగ్రాఫర్‌కీ లాభమే, ఆల్బమ్‌లో రెండు వేషాలు వస్తాయి.

రెండోది, ఎవరి విడిదిలో వాళ్లవి విడిగా తీయించుకుని, ఇద్దరివి ముహూర్తం తర్వాత 30 నిమిషాల్లో ముగించడం. గ్రూపు ఫోటోల పేర్లు ముందే రాసిపెట్టుకుంటేనే ఇది సాగుతుంది. అటువైపు వాళ్లనీ ఇటువైపు వాళ్లనీ పేరుపేరునా ఎరిగిన ఒక బావమరిదిని పిలవడానికి పెట్టండి.

తలుపుకి చెరోపక్క నిలబడి చేతులు పట్టుకుని దిగే ఫోటో ఒకటుంది. ఐదు నిమిషాల పని. అయితే నిశ్చితార్థం ఫోటోలే రెండువందలు ఉన్న జంటకి దానివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు.

తెరదాకా ఆగుదామనుకుంటే

ఆగాలని నిర్ణయించుకోవడం తేలికే, ఆరోజు ఆచరణలో అది ఎక్కడెక్కడ చెడుతుందో చూడండి. అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఎల్‌ఈడీ తెరలు. పెళ్లికొడుకు పీటల మీద కూర్చుని ఉండగా, లోపల జరుగుతున్న గౌరీపూజని హాల్లో పన్నెండడుగుల ఎత్తున చూపిస్తుంటారు. ఇక అడ్డుతెర పట్టి లాభమేముంది! వీడియో మిక్సింగ్ చేసే అతనికి ముందే గట్టిగా చెప్పాలి: తెర దిగేదాకా పెళ్లికూతురి మొహం స్క్రీన్ మీదికి రాకూడదు, చేతులు, పూజాసామగ్రి, వెనకనుంచి జడ చూపిస్తే చాలు. యూట్యూబ్ లైవ్‌లో దూరాన ఉన్నవాళ్లు చూసుకుంటారు, దానికి అడ్డు లేదు.

రెండోది ఫోన్లు. చెల్లెళ్లు, స్నేహితురాళ్లు మేకప్ కుర్చీలోంచే స్టేటస్ పెడతారు. పెళ్లికొడుకు ఫోన్‌ని తోడపెళ్లికొడుకు పుచ్చుకుంటే ఆ గొడవ ఉండదు.

మూడోది దారులు. చాలా ఫంక్షన్ హాళ్లలో వధూవరుల గదులు ఒకే వరండాలో ఎదురెదురుగా ఉంటాయి, లిఫ్టు ఒక్కటే. హాలు చూడ్డానికి వెళ్లినరోజే ఆమె గదినుంచి మండపందాకా నడిచి చూడండి. అతను కాశీయాత్రకి బయల్దేరే గుమ్మం ఆమె గదికి ఎదురుగా ఉంటే గదులు మార్చమని అడగండి. గంపలో కూర్చోబెట్టి మేనమామలు మోసుకొచ్చే పద్ధతి ఉంటే, గంప ఆ తలుపులో పడుతుందో లేదో కూడా అప్పుడే కొలవాలి. గంప వచ్చేటప్పుడు ముందు తెర పట్టేయాలి, ఆ తర్వాతే గంప కదలాలి. ఈ వరస తప్పడం చాలా పెళ్లిళ్లలో కనిపిస్తుంది.

తెర గుడ్డ, పట్టే చేతులు

డెకరేటర్ తెచ్చే నెట్ తెర, ఆర్గంజా తెర ఫోటోలో అందంగా ఉంటాయి, వీడియో లైటు పడగానే అవతలి మొహం స్పష్టంగా కనిపిస్తుంది. ముందుగా చూసుకోలేదన్న మాట నిలవాలంటే దళసరి నూలు గుడ్డో రెండు మడతల పట్టు శాలువానో కావాలి. పొడవు రెండున్నర మీటర్లు, వెడల్పు మీటరుంపావు ఉంటే సరిపోతుంది. కొనగానే ఒక మనిషి ఎదురుగా పట్టించి, వెనకనుంచి ఫోన్ టార్చి వేసి చూడండి.

చెరో వైపునుంచి ఒకరు, దాదాపు సమానమైన ఎత్తున్నవాళ్లు పట్టుకోవాలి. ఆరడుగుల బాబాయినీ పన్నెండేళ్ల పిల్లనీ పెడితే తెర వాలుతుంది. పైఅంచు కూర్చున్నవాళ్లలో ఎత్తుగా ఉన్నవారి కళ్లకి నాలుగు వేళ్లు పైన ఉండాలి. అంతకంటే ఎత్తుగా పడితే అవతలివారి నడినెత్తి చేతికి అందదు, జీలకర్ర బెల్లం చెవి మీద పడుతుంది. ఆమె కూర్చున్న గంప అడుగు అతని పీటకంటే ఎత్తుగా ఉంటే అతని పీట కింద ఇంకో పీట వేయండి.

జీలకర్ర 50 గ్రాములు, బెల్లం 50 గ్రాములు కలిపి నూరితే ఇద్దరికీ సరిపోయి మిగులుతుంది. నీళ్లు ఎక్కువైతే కణతల మీదుగా కళ్లలోకి కారుతుంది, అందుకని ముద్దగా నిలిచేలా నూరి తమలపాకులో పెట్టాలి. జడ వేసే ఆవిడకి ముందే చెప్పి నడినెత్తిన రెండంగుళాల చోటు ఖాళీగా ఉంచమనండి. సూర్యచంద్రులు, పాపిడిబిళ్ల, పూలదండ అన్నీ అక్కడే గుచ్చేస్తే ముద్ద నిలవదు. పెళ్లికొడుకు తలపాగా పెట్టుకుని వస్తే తెర పట్టగానే తీసేయాలి.

తెరని కిందికి దించాలి. పక్కకి లాగితే చెంపసరాలు, బాసికం దారం తగులుకుంటాయి, పైకెత్తితే కెమెరాలకి అడ్డం. జీలకర్ర బెల్లం పెట్టించాక దించుతారా, ముందే దించుతారా అన్నది పంతులుగారి పద్ధతిని బట్టి ఉంటుంది, పట్టేవాళ్లు అది తెలుసుకుని సైగ కోసం చూడాలి. ఫోటోగ్రాఫర్లు రెండు వైపులవారూ ఉంటే ఎవరి మనిషి వెనక వాళ్లు నిలబడితే ఎదుటివారి మొహం దొరుకుతుంది: ఆడపెళ్లివారి కెమెరా ఆమె భుజం మీదుగా అతన్ని తీస్తుంది, మగపెళ్లివారిది అతని భుజం మీదుగా ఆమెని. ఫోటోలు తర్వాత ఇచ్చిపుచ్చుకుంటామని ముందే మాట అనుకోకపోతే ఇద్దరూ ఒకేచోటికి ఎగబడి, వెనకున్న చుట్టాలకి వాళ్ల వీపులే కనిపిస్తాయి.

విదేశాల్లో

అమెరికాలో, బ్రిటన్‌లో హాలు గంటల లెక్కన దొరుకుతుంది, మధ్యాహ్నానికి ఖాళీ చేయాలి, సాయంత్రం మళ్లీ రిసెప్షన్. ముహూర్తం తర్వాత తీరిక ఉండదు కాబట్టి అక్కడ ముందే ఫోటోలు తీయించుకోవడం అవసరం కొద్దీ వచ్చింది. చేసుకోండి, పై మధ్యేమార్గమే అక్కడా పనికొస్తుంది. అయితే అక్కడి ఫోటోగ్రాఫర్‌కి తెర సంగతి తెలియకపోవచ్చు. ఆ క్షణం కొన్ని సెకన్లలో అయిపోతుందనీ, మళ్లీ చేయించడం ఉండదనీ చెప్పి, వీలైతే ఒక తెలుగు పెళ్లి వీడియో చూపించండి. ముహూర్తం ఆ ఊరి అక్షాంశ రేఖాంశాలకి కట్టించాలి, ఇక్కడి పంచాంగంలోని సమయాన్ని గంటలు మార్చి వాడుకుంటే లగ్నం తప్పుతుంది.

ఇంట్లో చెప్పేది ఎవరు

ఎవరి తల్లిదండ్రులకి వాళ్లే చెప్పుకోవాలి. కాబోయే కోడలు నేరుగా ‘అత్తయ్యగారూ, మేం పొద్దున్నే ఫోటోలు దిగుతాం’ అంటే, విషయం చిన్నదైనా మాట పెద్దదవుతుంది. అబ్బాయి వాళ్లమ్మతో అంటే అదే మాట తేలిగ్గా పోతుంది: “అమ్మా, ముహూర్తానికి తెర మామూలుగానే ఉంటుంది. పొద్దున ఒక్క ముప్పావుగంట వేరే బట్టల్లో, బాసికం కట్టకముందు ఫోటోలు దిగుతాం. ఎనిమిదిన్నరకల్లా నీ దగ్గరుంటా.” అనుమతి అడుగుతున్నట్టు కాక, వేళతో సహా చెప్పడం ఇందులో కీలకం. పెద్దవాళ్ల భయం ఎక్కువగా ఆలస్యం గురించే, దాన్ని ఆచారం పేరుతో చెబుతుంటారు. నాయనమ్మ మాత్రం నిజంగానే బాధపడేట్టుంటే ఫోటోలు వదులుకోండి.

ఆగుదామనుకున్నాక పొరపాటున లిఫ్టులో ఎదురుపడితే ఏం చేయాలని చాలామంది అడుగుతారు. ఏమీ చేయక్కర్లేదు. దానికి ప్రాయశ్చిత్తం, పరిహారం ఏవీ లేవు, ముహూర్తం మారదు. వెంటనే పెళ్లికూతుర్ని ఓదారుస్తూ నలుగురు చుట్టూ మూగితే మేకప్ చెడుతుంది, ఆలస్యమవుతుంది. దిష్టి తీస్తామని ఎవరైనా అంటే రెండు నిమిషాల్లో తీయించుకుని గౌరీపూజకి కూర్చోండి.